మెదడు సంగతి తర్వాత, ముందు చెవి చూడు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఆటిజంతో ముడిపడ్డ షాంక్3 జన్యువు పోయిన చిట్టెలుకలు పెద్ద శబ్దానికి సరిగా ఉలిక్కిపడటం లేదనీ, వచ్చే నెల నుంచే మెదడు ముక్కలు కోసి దాని పై పొర, అంటే కార్టెక్స్, చూస్తాననీ రాశావు. నీ ఉత్సాహం అర్థమైంది. కాస్త ఆగు.

ఒకప్పుడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. మ్యుటేషన్ ఉన్న గుంపు ఉలిక్కిపడటం లేదని, వినికిడి కార్టెక్స్‌లో ఏదో తేడా ఉందని ఏడాది పాటు దాని వెంట తిరిగాను. తీరా చూస్తే ఆ గుంపు వయసు ఎనిమిది నెలలు, నేను పోల్చింది మూడు నెలల వాటితో. మనం ఎక్కువగా వాడే సీ57బ్లాక్6 జాతి ఎలుకల్లో సీడీహెచ్23 జన్యువులోనే లోపం ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ముందు కీచు శబ్దాలు, తర్వాత మిగతావీ వాటికి వినపడవు. అంటే నా ఎలుకలకు చెవుడు! దానికి నేను ఆటిజం అని పేరు పెట్టుకుని కూర్చున్నాను. అందుకే మొదట ఏబీఆర్ పరీక్ష చెయ్యి. ఎలుకకు మత్తిచ్చి, శబ్దం వినిపించి, చెవి నుంచి మెదడు కాండం దాకా సంకేతం వెళ్తోందో లేదో చూడు. రెండు గుంపులూ ఒకే వయసువై ఉండాలి.

చర్మాన్ని కూడా వదలకు. 2016లో లారెన్ ఓరెఫిస్, డేవిడ్ గింటీ బృందం ఆటిజంతో సంబంధమున్న ఎంఈసీపీ2, జీఏబీఆర్‌బీ3 జన్యువులను కేవలం స్పర్శను మోసే నరాల్లోంచి తీసేసింది. మెదడును ముట్టుకోలేదు. అయినా ఆ ఎలుకలు చిన్న స్పర్శకే బెదిరాయి, ఆందోళన పడ్డాయి, తోటి ఎలుకల మీద ఆసక్తి తగ్గించుకున్నాయి. వెన్నుపాములో ఆ నరాల చివర సంకేతాలను తగ్గించే గాబా అనే రసాయనపు బ్రేకు సరిగా పనిచేయకపోవడమే కారణం. నాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. అదే జన్యువును పెద్దయ్యాక తీసేస్తే స్పర్శ అతిగా తగలడం వచ్చింది గానీ, ఆందోళన, ఒంటరితనం రాలేదు. ఎదిగే వయసులో రోజూ తగిలిన అతి స్పర్శే తర్వాత ప్రవర్తనను మార్చిందన్నమాట. నీ ఎలుకల వీపు మీద చిన్నగా గాలి ఊది, వెంటనే శబ్దం చేసి చూడు. మామూలు ఎలుక ఆ గాలి తర్వాత తక్కువ ఉలిక్కిపడుతుంది.

ఇవన్నీ అయ్యాక కార్టెక్స్‌కు రా. ఆటిజంలో మెదడు కణాల ఉత్తేజానికీ నిగ్రహానికీ తూకం తప్పిందనే మాట 2003లో రూబెన్‌స్టైన్, మెర్జెనిక్ రాసినప్పటి నుంచి అందరి నోటా ఉంది. మంచి ఊహే, కానీ ఏ ఫలితమైనా దాంట్లో ఇముడుతుంది. అందుకని ఏ పొర, ఏ కణాలు, ఏ వయసు అన్నది ముందే రాసి పెట్టుకో. వయసు మరీ ముఖ్యం. ఎఫ్‌ఎమ్‌ఆర్1 అనే జన్యువు లేని ఎలుకల్లో, అంటే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు వ్యాధి నమూనాలో, మీసాల స్పర్శను అందుకునే కార్టెక్స్‌లోని డెండ్రైట్ ముళ్లు (నరకణాల కొమ్మల మీది చిన్న బుడిపెలు) మొదటి వారంలో పొడవుగా కనిపించి, నాలుగో వారానికి ఆ తేడా బాగా తగ్గిపోయింది. పెద్ద ఎలుకను మాత్రమే కోస్తే ఏం దొరుకుతుంది?

మిగతావి చిన్న విషయాలు. మూర్ఛ మందు వాల్ప్రోయేట్‌తో చేసే ఆటిజం నమూనా కూడా మొదలుపెడతానన్నావు కదా, మందు ఇచ్చేది కడుపుతో ఉన్న తల్లికి. అందుకే ఒక ఈతలోని ఎనిమిది పిల్లల్ని ఎనిమిదిగా లెక్కపెట్టకు. కేజ్ మార్చిన రోజు పరీక్ష పెట్టకు. ఎలుకల్ని ఎవరు పట్టుకున్నారో రాసుకో, మగవాళ్ల వాసనకే అవి ఒత్తిడికి గురవుతాయని 2014లో తేలింది. అన్నట్టు, డ్రాఫ్ట్‌లో ‘ఆటిజం ఉన్న ఎలుక’ అని రాశావు, కొట్టెయ్యి. నీ దగ్గరున్నది షాంక్3 లేని ఎలుక, అంతే. ఆ పదం చూసి ఆశ పెంచుకునే తల్లిదండ్రులుంటారు. ఫ్రాజైల్ ఎక్స్ విషయంలో ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందులు మనుషుల ట్రయల్స్‌లో నిలబడలేదు.

ఏబీఆర్ గ్రాఫులు వచ్చాక నాకు పంపు, ఒక్కో ఎలుక వయసు పక్కన రాసి. కత్తి పదును పెట్టే పని అప్పుడు చూద్దాం.