పాత ఫ్రిజ్ ఎటు పోతుందో ముందు చూడు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు మీ అత్త చదివి వినిపించింది. మిద్దె మీద సోలార్, ఎలక్ట్రిక్ స్కూటీ, ఫైవ్ స్టార్ ఫ్రిజ్, ప్లాస్టిక్ కవర్లు బంద్, డజను బట్ట సంచులు. కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే మన వాడకం వల్ల గాలిలో కలిసే కార్బన్ లెక్క, తగ్గించుకుంటానన్నావు. సంతోషం. వద్దనడానికి రాయడం లేదు. కానీ 31 ఏళ్లు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసినవాణ్ని. బిల్లు తగ్గుతుందని ఏదో ఒకటి కొని, ఆర్నెల్లకు "మీటర్ పాడైంది, మార్చండి" అని దరఖాస్తు పెట్టినవాళ్లు ఎంతమందో. టెస్ట్ చేసి మీటర్ బాగానే ఉందని చూపిస్తే ముఖం మాడ్చుకునేవాళ్లు. ఆఖరికి నేనూ ఆ జాబితాలో చేరాను.

రిటైరైన ఏడాది, పాత ఫ్రిజ్ కరెంటు తాగేస్తోందని కొత్తది తెచ్చాను. పాతది రోజుకు యూనిటున్నర లాగేది. కొత్తది అర యూనిట్ దాటదు. అంటే నెలకు ముప్పై యూనిట్లు మిగలాలి. "నడుస్తున్నదాన్ని పారేస్తారా ఎవరైనా" అని మీ అత్త పాతదాన్ని వెనక వరండాలో పెట్టించింది. మొదట నీళ్ల సీసాలు పెట్టాం. తర్వాత ఇడ్లీ పిండి గిన్నె చేరింది. ఉగాది నాటికి పక్కింటివాళ్ల పూలదండలు కూడా అందులోనే. ఎండ తగిలే వరండా కదా, కంప్రెసర్ ఆగకుండా గుర్రుమంటూనే ఉండేది. బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ముప్పై తగ్గడం దేవుడెరుగు, ఇరవై పెరిగాయి.

సరే తీసేద్దామని పాత సామాన్ల బండి అతన్ని పిలిచాను. గేటు దగ్గరే కూర్చుని కటింగ్ ప్లేయర్‌తో వెనకున్న సన్న రాగి పైపు పుటుక్కున తెంపాడు. ఫుస్‌మని పది సెకన్లు చప్పుడొచ్చి ఆగిపోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు, టీ కూడా ఇచ్చి పంపాను. ఆ ఫుస్ ఖరీదు తర్వాత తెలిసింది. ఆ కాలపు ఫ్రిజ్‌లో ఉండేది 134ఎ అనే గ్యాస్. నూరేళ్ల లెక్కన ఒక కిలో గ్యాస్ దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెంచినంత వేడి పెంచుతుంది. నా ఫ్రిజ్‌లో వంద గ్రాములే ఉందనుకో, 140 కిలోలు. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోలు వస్తుంది. అంటే అరవై లీటర్ల పెట్రోల్ గేటు ముందు పోసి అగ్గిపుల్ల గీసినట్టే.

అందుకని పాతదాని ప్లగ్ అదే రోజు తీసేస్తానన్న నమ్మకం ఉంటేనే కొత్త ఫ్రిజ్ కొను. తీసేశాక మెకానిక్‌ను పిలిచి ఆ గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగించు, ఆ తర్వాతే ఈ-వేస్ట్ వాళ్లకు ఇవ్వు. ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే "ఇది ఇక్కణ్నుంచి ఎటు పోతుందన్నా" అని షాపులో అడుగు. ఇంకెవరి వరండాలోకో పోతుంటే మన లెక్క వాళ్ల మీటర్ మీద పడ్డట్టే. కొత్తవాటిలో 600ఎ అనే గ్యాస్ వస్తోంది, దానివల్ల ఈ బెడద దాదాపు లేదు. స్టిక్కర్ మీద చూసుకో.

1865లోనే ఇంగ్లండులో జెవన్స్ అనే ఆయన ఈ తిరకాసు గురించి రాశాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బొగ్గు వాడకం తగ్గలేదు. ఖర్చు తగ్గింది కదా అని ఇంకో నాలుగు చోట్ల యంత్రాలు పెట్టారు. అంత దూరం ఎందుకు, మీ హాల్లో ఒకప్పుడు 60 వాట్ల బల్బు ఒక్కటే ఉండేది. ఇప్పుడు 9 వాట్లే కదా అని మీ బాపు సీలింగ్‌లో పదహారు పెట్టించాడు. గుణించి చూడు.

సోలార్ విషయానికొస్తే మా ఎదురింటాయన కథ చెప్పాలి. మూడు కిలోవాట్లు పెట్టించాడు, 78,000 సబ్సిడీ వచ్చింది, మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా వస్తోంది. అంతా బాగుంది. కానీ ప్యానెళ్ల మీద నీడ పడుతోందని పడమటి వైపు వేపచెట్టు కొట్టించాడు. పాతికేళ్ల చెట్టు. నా చిన్న మీటర్ బుక్ పట్టుకుని ఎన్నిసార్లు దాని కింద నిలబడ్డానో! చెట్టు పోయాక సాయంత్రం ఎండ నేరుగా గోడకు కొట్టి పడగ్గది పొయ్యిలా అయింది. ఏసీ పెట్టాడు. బిల్లు సున్నా కదా అని రాత్రి పది నుంచి తెల్లారేదాకా నడుపుతాడు. రాత్రి ప్యానెల్ ఏమిస్తుంది? ఆ కరెంటు చాలా మటుకు చెల్పూరులోనో రామగుండంలోనో బొగ్గు కాలిస్తేనే వస్తుంది. గ్రిడ్‌కు ఇచ్చిందీ తీసుకున్నదీ రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్‌లో పగటి యూనిట్లు రాత్రి యూనిట్లతో చెల్లు కావచ్చు, బాయిలర్‌లో మాత్రం బొగ్గు పడుతూనే ఉంటుంది. చెట్టు స్థానంలో తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటాడు. ఇప్పుడు దాని వేళ్లు డ్రైనేజీ పైపులోకి దిగాయని గోల.

నువ్వు సోలార్ పెట్టించు. కానీ మీ పెరట్లో చింతచెట్టు జోలికి పోకు. అడ్డొచ్చిన కొమ్మలు కొట్టిస్తే చాలు, లేకపోతే ఒక ప్యానెల్ తక్కువ పెట్టు. బోరు మోటరు, వాషింగ్ మెషిన్, పిండి రుబ్బడం అన్నీ పగలు పదకొండు నుంచి మూడు లోపల కానివ్వు. ఆ నాలుగు గంటలే అసలు సోలార్.

స్కూటీ సంగతి నాకు కొంచెం నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే మన బొగ్గు కరెంటుతో నడిపినా అది పెట్రోల్ బండికన్నా నయమే, పొగ లెక్కలో సుమారు సగం. కానీ నీకు పెట్రోల్ బండి ఎక్కడుంది? కాజీపేట నుంచి హనుమకొండకు రోజూ ఆర్టీసీ బస్సులో వస్తావు, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్ డబ్బులు కూడా లేవు. నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు పోతుంది. స్కూటీ కొంటే నీ లెక్క పెరుగుతుంది. కిలోమీటరుకు పావలానే కదా అని సందు చివరి కిరాణా షాపుకు కూడా దానిమీదే పోతావు, నాకు తెలుసు. బస్సు కిక్కిరిసి ఉంటుంది, రాత్రి ఆలస్యమైతే టెన్షన్ అంటావా, అది వేరే కారణం. దానికోసం కొనుక్కో, పర్యావరణం పేరు పెట్టకు.

సంచులు అస్సలు కొనకు. బ్రిటన్‌లోని ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ 2011లో లెక్క కట్టింది. వాతావరణం వరకు చూస్తే, ఒక్కసారి వాడి పారేసే పలచటి కవర్‌తో సరితూగాలంటే బట్ట సంచిని 131 సార్లు వాడాలట. వారానికోసారి అంగడికి పోయినా రెండున్నరేళ్లు! పత్తికి నీళ్లు, ఎరువులు, మందులు ఎంత పోస్తారో ఎనుమాముల పత్తి మార్కెట్ పక్కన పెరిగిన మనకు ఒకరు చెప్పాలా? పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులు మీ అమ్మ బీరువా మీద ఎన్ని కుక్కిందో లెక్కపెట్టు. అందులో గట్టిది ఒకటి తీసి చిరిగేదాకా వాడు.

ఏదైనా కొనేముందు నెల రోజులు రోజూ పొద్దున ఏడింటికి మీటర్ రీడింగ్ క్యాలెండర్ మీద రాసిపెట్టు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను, కూర్చుని చూద్దాం. మీ అత్త చింతకాయ తొక్కు పంపుతోంది. స్టీలు డబ్బా తిరిగివ్వు. పోయినసారిది ఇంకా రాలేదని గుర్తు చేయమంది.

మీ మామ