నాన్నగారి గిటార్‌కి పాలిష్ వేయించవచ్చా?

ప్రశ్న: సార్, నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. లాలాగూడ, మెట్టుగూడ వైపు పెళ్ళిళ్ళకీ క్రిస్మస్ డాన్సులకీ బ్యాండులో గిటార్ వాయించేవారు. ఆయన పోయి ఆరు నెలలైంది. గిటార్ బీరువా మీద పెట్టాం. దానికి మధ్యలో గుండ్రటి రంధ్రం లేదు, వయొలిన్‌కి ఉన్నట్టు అటొకటి ఇటొకటి వంకర రంధ్రాలున్నాయి. లోపలి కాగితం మీద హోఫ్నర్ అనీ, ఒక నంబరూ ఉన్నాయి. పైన మెరుపు సన్నసన్నగా పగుళ్ళిచ్చింది. తీగల పక్కనుండే ప్లాస్టిక్ పలక వంకరపోయి ఘాటు వాసన వస్తోంది. పాత సామాన్లు కొనేవాళ్ళు మూడు వేలిస్తామన్నారు. మా కార్పెంటర్ మాత్రం గీకేసి కొత్త పాలిష్ వేస్తే మంచి ధర వస్తుందంటున్నాడు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, మెట్టుగూడ

జవాబు: ముందు కార్పెంటర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పండమ్మా. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

హోఫ్నర్ జర్మన్ల పేరు. కార్ల్ హోఫ్నర్ 1887లో షోన్‌బాఖ్ అనే ఊళ్ళో వాయిద్యాల పని మొదలుపెట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో లూబీ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి జర్మన్లను వెళ్ళగొడితే, ఆ కుటుంబం జర్మనీలోని బుబెన్‌రాయిట్ చేరి మళ్ళీ పని నిలబెట్టుకుంది. తరతరాల వయొలిన్ పనివాళ్ళ ఊరు కదా, గిటార్ ముందు పలకనీ వయొలిన్‌లాగే ఉబ్బెత్తుగా చేశారు. ఇలాంటివాటిని మేం ఆర్చ్‌టాప్ అంటాం. 1950, 60లలో లండన్‌లోని సెల్మర్ కంపెనీ వీటిని ప్రెసిడెంట్, సెనేటర్, కమిటీ అనే పేర్లతో అమ్మేది. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్నీ వాయించిన వయొలిన్ ఆకారపు బేస్ గిటార్ కూడా హోఫ్నర్‌దే. నాన్నగారిది ఏ మోడలో లోపలి నంబరునీ, తల మీది నగిషీనీ బట్టి తెలుస్తుంది.

ఒక పరీక్ష మీరే చేయొచ్చు. టార్చి వేసి ఆ వంకర రంధ్రం అంచుని చూడండి. సమోసా పొరల్లా రెండు మూడు పొరలు కనిపిస్తే అది ప్లైవుడ్‌ని అచ్చులో నొక్కి వంచింది. పొరలు లేకుండా, పైన కనిపించే చెక్క గీతే అంచు మందంలోంచి లోపలి దాకా సాగితే అది ఒకే దిమ్మని ఉలితో తొలిచి చేసింది. రెండోదైతే ధర చాలా పెరుగుతుంది.

ఇక పాలిష్ సంగతి. 1991లో, నేను గిటార్లు బాగుచేసే పని నేర్చుకుంటున్న రోజుల్లో, చిలకలగూడ నుంచి ఒక పెద్దాయన అమెరికా కంపెనీ మార్టిన్ చేసిన పాత గిటార్ తెచ్చారు. మనవడి పెళ్ళికి కొత్తదానిలా మెరవాలన్నారు. రెండు రోజులు గరుకు కాగితం పట్టి, పాత లక్కర్, అంటే పైనున్న మెరుపు పొర, మొత్తం తీసేసి, టేకు తలుపులకి వేసే పాలిష్ కొట్టాను. ఆయన సంతోషంగా తీసుకెళ్ళారు. తీగలు బిగించి మీటినప్పుడే నాకు తెలిసింది, తెచ్చినప్పుడున్న మోత లేదని. అంతకుముందు మీటితే ఒంట్లో తగిలేది. ఆ పొర మందమైపోయి పలకని ఆడనివ్వలేదు. పైగా గీకుడులో చెక్క కూడా కొంత పోయింది. గిటార్ ముందు పలక మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, పోయింది మళ్ళీ రాదు. ఆ తర్వాత పాత మెరుపు జోలికి నేను పోలేదు. కొనేవాళ్ళ లెక్కలోనూ అంతే, రంగు మార్చిన పాత గిటార్‌కి ధర దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సన్నటి పగుళ్ళు రోగం కాదమ్మా. అది అసలు లక్కర్ అనడానికి అవే సాక్ష్యం.

వాసన వచ్చే పలక విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. అది సెల్యులాయిడ్, ఒకప్పుడు సినిమా రీళ్ళు చేసిన పదార్థం. అది చెడిపోయేటప్పుడు వచ్చే ఆవిరికి దగ్గర్లోని ఇనుము, ఇత్తడి అన్నీ తుప్పు పడతాయి. స్క్రూలు జాగ్రత్తగా విప్పి తీసి, కాగితం కవరులో వేసి, నిప్పుకి దూరంగా విడిగా పెట్టండి. ఇట్టే అంటుకుంటుంది. పారేయొద్దు, స్క్రూలు కూడా. దాన్ని చూసి కొత్తది చేయించవచ్చు.

తీగలన్నీ ఒకేసారి విప్పొద్దు. ఆర్చ్‌టాప్‌కి బ్రిడ్జి, అంటే తీగల కింద ఆనించే చెక్క ముక్క, జిగురుతో అంటించి ఉండదు, తీగల బిగువు మీదే నిలబడుతుంది. ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఒక్కో తీగా కొద్దిగా వదులు చేస్తే చాలు. బీరువా మీద నుంచి ఇవాళే దించండి. మన ఏప్రిల్, మే నెలల్లో స్లాబు కింద వేడికి చెక్క ఎండి చీలుతుంది. అలాగని కూలర్ ఉన్న గదిలో పెడితే తేమకి ఉబ్బుతుంది. కేసులో పెట్టి, ఇంటి మధ్య గదిలో ఉంచండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే దానికి హాయి. చిన్న తేమ మీటరు కొని కేసులో వేస్తే టెన్షన్ ఉండదు.

ధర నేను చేతిలోకి తీసుకోకుండా చెప్పను. హోఫ్నర్‌లు ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో తయారయ్యాయి కాబట్టి కోట్లు అని ఆశ పెట్టను. మూడు వేలకి మాత్రం ఇవ్వకండి. నాన్నగారు దాంతో స్టేజి మీద ఉన్న ఫొటోలు, పాత బిల్లు, కేసు, బెల్టు అన్నీ ఒకచోట చేర్చండి. ఎవరు, ఎక్కడ వాయించారో తెలిసిన గిటార్‌ని కొనేవాళ్ళు వేరే కంటితో చూస్తారు. అమ్మాలని తొందర లేకపోతే, ఇంట్లో పిల్లలెవరైనా ఓ ఏడాది వాయించాక ఆలోచించండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ ద్వారా 1960ల నాటి మార్టిన్ డి-28 తెప్పించుకోవాలనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పండి. — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: చెక్క చూసుకోండి. 1969 దాకా డి-28 వెనక పలకా పక్కలూ బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసేవారు. ఆ తర్వాత మన దేశపు రోజ్‌వుడ్‌కి మారారు, అదే మన ఇరుగుడు. బ్రెజిల్ చెట్టు అంతరించిపోతోందని 1992లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ దాన్ని అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో పెట్టింది. అది నిషేధానికి ముందు నాటి చెక్క అని రుజువు చూపి సర్టిఫికెట్, పర్మిట్లు తీసుకోకుండా సరిహద్దు దాటిస్తే కస్టమ్స్‌లో పట్టుకుంటారు. వేళ్ళతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు, బ్రిడ్జి లాంటి చిన్న ముక్కలు ఆ చెక్కవైనా అంతే. 2019లో వాయిద్యాలకి ఇచ్చిన మినహాయింపు మిగతా రోజ్‌వుడ్‌లకే, దీనికి కాదు. బావగారు సూట్‌కేసుతో పాటు చేతిలో పట్టుకొచ్చేస్తానంటే వద్దనండి.

వయసు తేల్చుకోవడం తేలిక. మార్టిన్ 1898లో 8000 నుంచి వరస నంబర్లు మొదలుపెట్టింది, కాబట్టి నంబరుని బట్టి ఏడాది తెలుస్తుంది. టార్చి వేసి రంధ్రంలోంచి మెడ మొదట్లో ఉండే దిమ్మ చూస్తే నంబరు కనిపిస్తుంది. దాని ఫొటో వచ్చాకే డబ్బు పంపండి.

ప్రశ్న: చేత్తో చేసిన గిటార్‌కి అంత ధర ఎందుకు? మిషన్ ఇంకా కచ్చితంగా చేయదా? — ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: మిషన్ ప్రతి పలకనీ ఒకే మందానికి కోస్తుంది. కానీ ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు, ఒకటి బిరుసు, ఒకటి మెతక. మంచి పనివాడు పలకని వేలితో తట్టి, వంచి చూసి, ఎక్కడ ఇంకాస్త తీయాలో అక్కడే తీస్తాడు. మన బొబ్బిలిలో పనసచెక్క దిమ్మని తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్ళ దగ్గర కూర్చుంటే ఇది కళ్ళారా చూస్తావు. న్యూయార్క్‌లో జాన్ డాంజెలికో 1964లో చనిపోయేదాకా లెక్క రాసుకుని చేసిన గిటార్లు 1,164. అవే ఉన్నాయి, ఇంకొకటి రాదు. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అయితే 1862లో ముందు పలక ఒక్కటీ మంచి చెక్కతో చేసి, వెనకా పక్కలా అట్ట పెట్టి గిటార్ కట్టాడు, స్వరమంతా ముందు పలకలోనే ఉందని చూపించడానికి. ఆ అట్ట గిటార్ ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.