పాత అంబాసిడర్‌కు సైడ్ మిర్రర్లు: డోర్ మీద పెట్టాలా, మడ్‌గార్డ్ మీద పెట్టాలా?

మీ బండి 1973 నాటి మార్క్ 2 అంబాసిడర్. డెంటింగ్, పెయింటింగ్ అయిపోయాయి, ఇప్పుడు గుండ్రటి క్రోమ్ అద్దాల జత పెట్టించాలనుకుంటున్నారు. డోర్ మీదా, ముందు మడ్‌గార్డ్ మీదా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. అసలు ఎడమ అద్దం అవసరమా, రంధ్రాలు పెడితే రేపు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అడ్డం వస్తుందా అని కూడా అడిగారు. నాది ప్రీమియర్ పద్మిని, ఉండేది నల్గొండలోనే. మిర్యాలగూడలో మా చిన్నాయన దగ్గర మీలాంటి అంబాసిడరే ఉంది, దాని అద్దాలు నేనే దగ్గరుండి పెట్టించాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు నా జవాబు: కుడి అద్దం డోర్ మీద, ఎడమ అద్దం మడ్‌గార్డ్ మీద పెట్టించండి. కుడివైపు సాదా అద్దం, ఎడమవైపు కాన్వెక్స్ అద్దం, అంటే బయటికి ఉబ్బెత్తుగా ఉండి ఎక్కువ వెడల్పు చూపేది. జత కలవదు కదా అంటారు. ఎదురుగా నిలబడి ఫోటో తీసేవాళ్లకు కలవదు, నిజమే. కానీ అద్దంలో చూసేది స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి. నా లెక్కంతా ఆ మనిషి కంటి దగ్గరే మొదలవుతుంది.

ఎందుకో చిన్న లెక్కతో చెప్తాను. 10 సెంటీమీటర్ల వెడల్పున్న సాదా అద్దం కుడి డోర్ మీద, కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 20 మీటర్ల వెనక రోడ్డు మీద దాదాపు 3 మీటర్ల వెడల్పు అందులో కనిపిస్తుంది. అంటే వెనకొచ్చే లారీ మొత్తం కనిపిస్తుంది, పక్కన కాస్త ఖాళీ కూడా కనిపిస్తుంది. అదే అద్దాన్ని మడ్‌గార్డ్ మీదికి, కంటికి మీటరున్నర దూరానికి జరిపితే కనిపించేది మీటరున్నర కంటే తక్కువ. లారీ వెడల్పే రెండున్నర మీటర్లు ఉంటుంది, కాబట్టి సగం లారీయే కనిపిస్తుంది. అందుకే మడ్‌గార్డ్ మీద సాదా అద్దం పెట్టొద్దు. అక్కడ పెట్టేది ఏదైనా కాన్వెక్స్ అయి తీరాలి.

మరి రెండువైపులా కాన్వెక్సే పెట్టుకుంటే పోలేదా? కాన్వెక్స్‌లో వెనక బండి చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. మన పాత బండ్లు హైవే మీద అరవైలో పోతుంటే వెనకొచ్చేవి వందలో వస్తాయి. విజయవాడ హైవే మీద ముందున్న ట్రాక్టర్‌ను దాటడానికి కుడికి తీయాలంటే, వెనకొచ్చే కారు ఎంత దూరంలో ఉంది, ఎంత జోరుగా వస్తోంది అన్నది ఒక్క చూపులో అందాలి. ఆ అంచనా సాదా అద్దమే సరిగ్గా ఇస్తుంది. కుడివైపు వెడల్పు కొంచెం తగ్గినా సరే, దూరం తప్పకూడదు.

ఎడమవైపు సంగతి వేరు. ఆ రోజుల్లో చాలా బండ్లు ఎడమ అద్దం లేకుండానే వచ్చేవి, పెద్దవాళ్లు మెడ తిప్పి చూసుకునేవాళ్లు. ఇప్పుడు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఎడమకు తిరగాలంటే ఆ సందులోంచే బైకులు, ఆటోలు దూరిపోతున్నాయి. ఎడమ అద్దం లేకుండా ఈ రోడ్ల మీద నేనైతే బండి తీయను. అటువైపు దూరం అంచనా కంటే, పక్కన ఎవరైనా ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం. అందుకు కాన్వెక్సే సరైనది.

ఎడమ అద్దాన్ని డోర్ మీద పెడితే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు అడ్డమొస్తారు, పైగా తల చాలా తిప్పాలి. మడ్‌గార్డ్ మీదైతే ముందు గ్లాసులోంచే (విండ్‌షీల్డ్) కనిపిస్తుంది, కన్ను కాస్త పక్కకు తిప్పితే చాలు. జపాన్‌లో 1983 దాకా అక్కడి కార్లలో దాదాపు అన్నిటికీ అద్దాలు మడ్‌గార్డ్ మీదే ఉండేవి. కాబట్టి ఇదేదో కాలం చెల్లిన అలంకారం అనుకోవద్దు. ఒక్క జాగ్రత్త: వైపర్ తుడిచే మేరలోంచే ఆ అద్దం కనిపించాలి. అంబాసిడర్ వైపర్లు మూలల దాకా రావు. వానలో తుడవని మూలలోంచి చూడాల్సి వస్తే, అద్దం ఉన్నా లేనట్టే. విండ్‌షీల్డ్ మీద నీళ్లు చల్లి, వైపర్ ఒకసారి తిప్పి, సీట్లో కూర్చుని చూసుకోండి.

కుడి డోర్‌కు వస్తే, మీ బండికీ నా బండికీ ముందు డోర్‌లో తిరిగే చిన్న త్రికోణపు గ్లాసు ఉంటుంది. దానికీ పెద్ద గ్లాసుకూ మధ్య నిలువు పట్టీ ఉంటుంది. చాలామంది మేస్త్రీలు చూపులకు బాగుందని అద్దాన్ని డోర్ మధ్యకు తెస్తారు. అప్పుడా పట్టీ సరిగ్గా అద్దానికి అడ్డంగా పడుతుంది, లేదంటే అద్దం కోసం భుజం మీదుగా చూడాల్సి వస్తుంది. డోర్ ముందు మూలలో పెట్టించండి. ఆ త్రికోణపు గ్లాసులోంచి అద్దం మొత్తం కనిపించాలి, పట్టీ ఎక్కడా కోయకూడదు. తర్వాత ఆ చిన్న గ్లాసును పూర్తిగా తెరిచి, అద్దానికి తగలడం లేదని చూసుకోండి. ఎండాకాలం మన దగ్గర అది మూసుకుని నడపడం కుదరదు కదా.

ఈ చోట్లన్నీ డ్రిల్లు పెట్టకముందే తేల్చుకోవచ్చు. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం తీసి, దానికి ఎం-సీల్‌తో ఒక చవక అద్దం అతికించి, కింద మెత్తటి బట్ట చుట్టండి. మీరు సీట్లో మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి, ఇంకొకరిని బయట నిలబెట్టి దాన్ని అంగుళం అంగుళం జరపమనండి. నచ్చిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఇంకెవరైనా నడిపేవాళ్లుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. ఆ బెంచ్ సీట్లో పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ చూపు ఎత్తు చాలా మారుతుంది.

ఈ అయస్కాంతంతో ఇంకో పెద్ద లాభం ఉంది. మా చిన్నాయన బండి ఎడమ మడ్‌గార్డ్ మీద ఒక అరచేయి మేర అది పట్టుకోకుండా జారిపోయింది. అంతకుముందెప్పుడో అక్కడ సొట్ట పడితే పుట్టీ మందంగా నింపి పైన పెయింట్ కొట్టారు. బయటికి అద్దంలా నున్నగా ఉంది, లోపల రేకు కిందికి పోయి ఉంది. అలాంటి చోట రంధ్రం పెట్టి బోల్టు బిగిస్తే పుట్టీ పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్లు దిగి కొత్త పెయింట్ ఉబ్బుతుంది. మేం నాలుగు అంగుళాలు ముందుకు జరిపి, అయస్కాంతం గట్టిగా పట్టుకున్న చోట పెట్టించాం. మీది ఇప్పుడే పెయింటింగ్ అయిన బండి. ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

అద్దాలు కొనేటప్పుడు బొమ్మ చూసి ఆర్డర్ పెట్టకండి. వీలైతే హైదరాబాద్ పుట్లీబౌలి లాంటి విడిభాగాల బజారుకు వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. ఇక్కడా జేబులో చిన్న అయస్కాంతం ఉండాలి. అది గట్టిగా అతుక్కుంటే చాలా మటుకు ఇనుము మీద క్రోమ్ కొట్టినదే, రెండు వానాకాలాలకు చుక్కలు చుక్కలుగా తుప్పు బయటపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ దొరికితే అదే తీసుకోండి. కాన్వెక్స్ వంపు ఎంతుందో చూడ్డానికి స్టీలు స్కేలు చాలు. 10 సెంటీమీటర్ల అద్దం మీద స్కేలును నిలువంచు మీద పెట్టి, మధ్యలో ఆనేలా సమంగా పట్టుకోండి. రెండు చివర్ల దగ్గర ఒక్కో మిల్లీమీటరు సందు వస్తే వంపు వ్యాసార్థం 1,200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్నట్టు, అది బాగుంటుంది. రెండు మిల్లీమీటర్లు వస్తే అందులో లారీ కూడా బొమ్మ లారీలా కనిపిస్తుంది, వదిలేయండి.

అద్దాన్ని మోసే కాడ పొట్టిగా ఉండాలి. పొడుగు కాడ అద్దం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడే వణుకుతుంది. కాడ మీద అద్దం తిరిగే చోట ఉండే గుండు (బాల్ జాయింట్) బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. అద్దం ఒక్క డిగ్రీ కదిలితే మన చూపు రెండు డిగ్రీలు తప్పుతుంది, 20 మీటర్ల వెనక అది 70 సెంటీమీటర్ల తేడా. మడ్‌గార్డ్ అద్దం పక్కకు జరిగితే సీట్లోంచి చెయ్యి కూడా అందదు. నేను సరిచేసుకున్నాక గుండు మీదా కాడ మీదా కలిసేలా గోళ్ల రంగుతో సన్నటి గీత గీశాను. పార్కింగ్‌లో ఎవరైనా తగిలించి పోతే ఆ గీత కలిపితే చాలు.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఇది మన ఊరివాళ్లకే ఎక్కువ. పొద్దున నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోతే పడమటికి పోతాం, సూర్యుడు వెనక ఉంటాడు. సాయంత్రం తిరిగొస్తే తూర్పుకు వస్తాం, అప్పుడూ సూర్యుడు వెనకే. అంటే పోను రాను రెండుసార్లూ ఎండ అద్దంలో పడి కళ్లలో కొడుతుంది. కుడి అద్దానికి లేత నీలి రంగు గ్లాసు వేయించుకుంటే చాలా హాయి. మరీ ముదురు రంగు వద్దు, రాత్రిపూట లైట్లు లేని ట్రాలీలు అందులో అసలే కనిపించవు.

బిగించేటప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడండి. డోర్‌కు రంధ్రం పెట్టేముందు గ్లాసు పూర్తిగా దించి చూడాలి, లోపల బోల్టు చివర గ్లాసుకు తగిలితే ఒకనాడు పగులుతుంది. మడ్‌గార్డ్ అయితే కింద చెయ్యి పెట్టి వైరింగ్ ఎటు పోతుందో చూసుకోవాలి. పెయింట్ మీద టేపు వేసి, పంచ్‌తో గుర్తు కొట్టి, సన్నటి బిట్‌తో మొదలుపెట్టమనండి. రంధ్రం అంచుకు రెడ్ ఆక్సైడ్ పూసి అది ఆరాకే అద్దం కూర్చోబెట్టాలి. ఆ పని చేయకుండా బిగించేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైన రబ్బరు, లోపల రెండు మిల్లీమీటర్ల మందం రేకు ముక్క ఉండాలి, లేకపోతే రేకు సాగి అద్దం ఊగుతుంది. మడ్‌గార్డ్ లోపల చక్రం బురద నేరుగా కొడుతుంది కాబట్టి బోల్టుకు గ్రీజు పట్టించండి.

అద్దాలు సెట్ చేసేటప్పుడు చాలామంది తమ బండి పక్క సగం కనిపించేలా తిప్పుతారు. మన బండిని మనం చూసుకునేదేముంది? 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు చెప్పిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. తల కుడి గ్లాసుకు ఆనించి, అప్పుడు మాత్రమే మన బండి అంచు కనిపించేలా కుడి అద్దం తిప్పాలి. ఎడమదానికి తలను బండి మధ్యకు వంచి అలాగే చేయాలి. తిరిగి మామూలుగా కూర్చుంటే మన బండి కనిపించదు, దాని బదులు రోడ్డు మీద పక్క లేన్ కనిపిస్తుంది. మడ్‌గార్డ్ అద్దానికి ఇది అచ్చంగా కుదరదు, కాస్త అటూ ఇటూ చేసుకోవాలి. ఎలా పెట్టినా కుడికి తీసేముందు భుజం మీదుగా ఒక చూపు మాత్రం మానొద్దు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి: 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అద్దం బోల్టు రంధ్రం అంత పెద్ద మార్పు కాదనే నా అభిప్రాయం. అయినా మీకు టెన్షన్ ఉంటే డోర్ అంచుకు క్లాంపుతో బిగించే రకం తీసుకోండి, నా పద్మినికి ఉన్నది అదే. డోర్ మూసినప్పుడు క్లాంపు రేకు సందులో పెయింట్‌కు రాసుకోకుండా పడుతుందా అన్నది మాత్రం చూసుకోవాలి. ఇంకోటి, వీఏ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు, ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేర్ల లాంటి వాటికే బయటికి తీయాలి. రోజూ బజారుకు తీయాలని ఉంటే మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. మీ డోర్ ముందు అంచు ఫోటో దగ్గర్నుంచి తీసి పెడితే, క్లాంపు పడుతుందో లేదో చూసి చెప్తాను.