తయారీ ఆగిపోయిన పూల్ క్యూకు విలువ ఎంత?

ప్రశ్న: సుమారు ఇరవై ఏళ్ల నాటి పూల్ క్యూ (పూల్ బల్ల మీద బంతులను కొట్టే కర్ర) ఒకటి అమ్మకానికి వచ్చింది. కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసిందనీ, ఇక దొరకదనీ చెప్పి, కొత్త క్యూ కంటే ఎక్కువ ధర అడుగుతున్నారు. నాణ్యతను ఎలా పరీక్షించాలి? రేపు అమ్ముకోవలసి వస్తే నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: తయారీ ఆగిపోయిందన్న ఒక్క కారణానికి ఎక్కువ ధర చెల్లించకండి. కంపెనీలు కొన్నేళ్లకొకసారి పాత మోడళ్లను తీసేసి కొత్త రంగులతో, కొత్త డిజైన్లతో మరికొన్నిటిని విడుదల చేయడం మామూలే. కొన్ని మోడళ్లు గిరాకీ లేకనే ఆగిపోతాయి. అప్పుడు అక్కర్లేదనుకున్న వస్తువును ఇప్పుడు దొరకడం లేదు కదా అని ఎవరూ ఎగబడి కొనరు. మంచి ధర పలికేవి ప్రధానంగా పేరున్న పనివారు చేతితో చేసిన క్యూలు. 1975లో మరణించిన జార్జ్ బాలబుష్కా, 1988లో మరణించిన గస్ జాంబోటీ చేసినవి ఆ కోవకు చెందుతాయి. బాలబుష్కా తన క్యూలలో చాలావాటికి బ్రన్స్‌విక్ కంపెనీ వారి టైట్లిస్ట్ మోడల్ క్యూల కలపనే వాడుకున్నాడు కాబట్టి, ఒకప్పుడు క్లబ్బుల్లో అందరూ వాడిన ఆ మామూలు క్యూలను కూడా సేకర్తలు వెతుక్కుంటున్నారు. అయితే ఆయన పేరు తర్వాతి కాలంలో లైసెన్సు మీద ఫ్యాక్టరీ క్యూలకు కూడా ఎక్కింది కనుక, బట్ (చేత్తో పట్టుకునే లావు భాగం) మీది పేరు ఒక్కదాన్నే చూసి నమ్మడం ప్రమాదం.

పరీక్ష విషయానికి వస్తే, క్యూను బిగించి బల్ల మీద దొర్లించి చూడడంతో సరిపెట్టుకోకండి. షాఫ్టును (బంతి వైపు ఉండే సన్నటి భాగాన్ని), బట్‌ను విడదీసి, సమతలంగా ఉన్న బల్ల మీద దేనికది దొర్లించండి. విడిగా రెండూ నిటారుగా దొర్లి, కలిపినప్పుడు మాత్రం ఊగితే లోపం జాయింటు (రెండు భాగాలూ కలిసే చోటు) దగ్గర ఉన్నట్టు. అది ఒక్కోసారి అంచున చేరిన మురికి మాత్రమే కావచ్చు. షాఫ్టే వంగి ఉంటే బేరం మానుకోవడం మేలు. తర్వాత టిప్ (బంతికి తగిలే కొన) దగ్గర షాఫ్టు మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. కొత్తగా ఉన్నప్పుడు 13 మిల్లీమీటర్లుండే మేపుల్ షాఫ్టు, శుభ్రం చేసిన ప్రతిసారీ గరుకు కాగితంతో రుద్దడం వల్ల 12కో, అంతకంటే తక్కువకో అరిగిపోయి ఉంటుంది. ఆ అరుగుదలను పూడ్చే మరమ్మతు లేదు. బంతిని కొట్టినప్పుడు జుయ్‌మని సన్నటి మోత వస్తే లోపల పిన్ (రెండు భాగాలనూ బిగించే మరమేకు) గానీ, బట్ అతుకు గానీ వదులైందని అర్థం. బట్ మీది పాయింట్ల (కోసుగా ఉండే అలంకారాల) అంచుల వెంట గోరు నడిపి చూడండి: పొదిగిన చెక్క అయితే కలప పొర ఎటు నడిచిందో కనిపిస్తుంది, స్టిక్కరు బొమ్మ అయితే పైన రంగు తప్ప మరేమీ ఉండదు.

ఆడడానికే కొంటున్నట్లయితే జాయింటు కొలత అడగండి. తెల్ల బంతిని మధ్యలో కాక పక్కగా కొట్టినప్పుడు పాత మేపుల్ షాఫ్టు దాన్ని గురి నుంచి కాస్త ఎక్కువగా పక్కకు నెడుతుంది. ఆ తేడాను తగ్గించే షాఫ్టులు 1990ల నుంచి దొరుకుతున్నాయి. మీ క్యూ జాయింటు 5/16-14 లేదా 3/8-10 (పిన్ మందం అంగుళాల్లో, ఆపై అంగుళానికి మరచుట్ల సంఖ్య) వంటి వాడుకలో ఉన్న రకమైతే అలాంటి షాఫ్టును తేలికగా అమర్చుకోవచ్చు. పాత షాఫ్టును మాత్రం పారేయకండి. బట్ మీది రింగులతో సరిపోయే అసలు షాఫ్టు లేని క్యూకు కొనుగోలుదారులు ధర బాగా తగ్గిస్తారు.

ప్రశ్న: నా పాత క్యూను అమ్మే ముందు పాలిష్ చేయించి, ర్యాప్ (పట్టు కోసం బట్ మీద వేసిన చుట్టు) మార్పించమంటారా?

జవాబు: టిప్ అరిగితే మార్పించండి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మిగతాది కదపకండి, చేతి చెమటకు నల్లబడిన లినెన్ ర్యాప్‌నైనా సేకర్తలు మెచ్చుతారు గానీ, కొత్త పూతను అనుమానంగానే చూస్తారు. ఫెర్రూల్ (టిప్ కింది తొడుగు) గానీ జాయింటు గానీ ఏనుగు దంతంతో చేసినదైతే విదేశాలకు పంపే ముందు చట్టం తెలుసుకోండి. దంతపు అంతర్జాతీయ వ్యాపారంపై 1990 నుంచి నిషేధం ఉంది. 1992 నుంచి బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు కూడా అదే స్థాయి ఆంక్షలు వర్తిస్తున్నాయి. అందుచేత అలాంటి క్యూను మీ దేశంలోనే, అక్కడి నిబంధనలకు లోబడి అమ్ముకోవడం తేలిక.