జీతమంతా డే కేర్‌కే పోతుంటే ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల. పాపకు రెండేళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటికొచ్చే మొత్తం వంద అనుకుంటే మావారిది 58, నాది 42. పాప డే కేర్ 14, కారు లోను వాయిదా, మిగతావన్నీ కలిపి నెలకు 84 ఖర్చవుతుంది. మిగిలిన 16 కూడా లోను త్వరగా తీరుతుందని దానికే అదనంగా కట్టేస్తున్నాం. వేరే అప్పుల్లేవు. మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంది. కాన్పుకు మూడున్నర నెలల సెలవు ఇస్తారు, ఆ రోజుల్లో జీతంలో మూడింట రెండొంతులు వస్తుంది. ఆ తర్వాత రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టాలనుకుంటున్నాను. తిరిగి వెళితే ఇద్దరికీ డే కేర్ 30, నా రాకపోకలకు ఇప్పటిలాగే 5. అంటే నా జీతంలో మిగిలేది 7. ఈ మాత్రానికి అంత తిప్పలెందుకు, మానేద్దామనిపిస్తోంది. మావారేమో ఇంకో గది ఉన్న ఇంటికి మారదామంటున్నారు. పాప వెనక పరిగెత్తేసరికే ఓపిక అయిపోతోంది, లెక్కలు తలకెక్కడం లేదు. ఏది ముందు చేయాలి?

జవాబు: తలకెక్కడం లేదంటూనే లెక్క సరిగ్గా వేశారు. మానేస్తే ఇంటి ఆదాయం 58. డే కేర్, రాకపోకలు తీసేస్తే ఖర్చు 65. నెలనెలా 7 లోటు. తిరిగి వెళితే ఆదాయం వంద, ఖర్చూ వందే. తేడా మీరన్న ఆ ఏడే. కానీ అదే ఏడు ఒకవైపు నుంచి చూస్తే నెలనెలా దాచుకున్నది కరిగిపోవడం, ఇంకోవైపు నుంచి చూస్తే ఎవరి దగ్గరా చేయి చాపకుండా నెల గడవడం.

డే కేర్ ఖర్చంతా మీ జీతంలోంచే ఎందుకు తీశారన్నది నా అభ్యంతరం. పిల్లలు అక్కడుంటున్నారు కాబట్టే మీవారు కూడా ఆఫీసుకు వెళ్లగలుగుతున్నారు. ఆ 30ని ఇద్దరి జీతాల నిష్పత్తిలో పంచితే మీ వాటాకు పన్నెండూ పదమూడు మధ్య వస్తుంది. ఇంట్లో డబ్బంతా ఒకటే కదా, పంచితే ఏమొస్తుందంటారేమో. ఖాతా ఒకటే అయినా ‘నా సంపాదన దండగ’ అన్న మాట ఆ లెక్కలోంచే పుడుతుంది. ఉద్యోగం వదిలే మాట మీ ఒక్కరి నోటనే వచ్చిందంటే కారణం కూడా అదే.

పైగా ఈ 30 ఎల్లకాలం ఉండేది కాదు. పాప బడిలో చేరాక తగ్గుతుంది, చిన్నబిడ్డ పెద్దయ్యేకొద్దీ ఇంకా తగ్గుతుంది. వదిలేసిన ఉద్యోగం మాత్రం వదిలిన చోట మనకోసం కాచుకుని ఉండదు. డెన్మార్క్‌లో హెన్రిక్ క్లెవెన్ బృందం చాలా ఏళ్ల ఆదాయ వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఉంది. మొదటి బిడ్డ తర్వాత ఆడవాళ్ల సంపాదన మగవాళ్లతో పోలిస్తే ఒక్కసారిగా పడిపోయి, చాలా ఏళ్ల తర్వాత కూడా దాదాపు 20 శాతం వెనకే ఉండిపోయిందని తేలింది. తండ్రుల సంపాదనలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. తల్లిదండ్రులకు మంచి సదుపాయాలున్న దేశంలోనే పరిస్థితి అది.

అయినా మీకు నిజంగా కొన్నేళ్లు పిల్లలతో ఇంట్లో ఉండాలని ఉంటే ఉండండి, నేను కాదనను. అది మీ కోరికగా జరగాలి గానీ ఏడు మిగులుతోందన్న నిస్పృహతో జరగకూడదు. కాబట్టి ఇప్పుడే తేల్చకండి. సెలవు ముగిశాక పనిలో చేరి, రెండు మూడు నెలలు చూసి అప్పుడు మాట్లాడుకోండి. చేరకముందే పనిగంటలు తగ్గించుకునే వీలుందా, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి చేయొచ్చా అని ఆఫీసులో అడిగి చూడండి. సెలవు తర్వాత తిరిగి చేరకపోతే తీసుకున్న జీతం వెనక్కివ్వాలన్న షరతు కొన్నిచోట్ల ఉంటుంది, సెలవు కాగితం మీద సంతకం పెట్టేముందు అదొకటి చదవండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది చెబుతాను. కారు లోనుకు అదనంగా కట్టే 16 ఈ నెల నుంచే ఆపేయండి. మామూలు వాయిదా మాత్రం వెళ్లనివ్వండి. అప్పు త్వరగా తీర్చాలన్న తపన మంచిదే, కానీ దానికిది సమయం కాదు. లోనులో వేసిన డబ్బును అవసరమైనప్పుడు వెనక్కి తీసుకోలేరు, రేపు మీకు కావాల్సింది చేతిలో నగదు.

కాన్పుకు ఇంకా నాలుగు నెలలుంది. నెలకు 16 చొప్పున 64 పోగవుతుంది. జీతం వచ్చే మూడున్నర నెలల్లో మీ 42 కాస్తా 28 అవుతుంది. ఇంటి ఆదాయం 86, ఖర్చు 84. మిగిలే రెండూ, సెలవులో మీ రాకపోకలకు పెట్టక్కర్లేని ఐదూ పసిబిడ్డ ఖర్చులకే పోతాయి, అయినా బండి నడుస్తుంది. జీతం లేని రెండు నెలల్లో ఆదాయం 58 మాత్రమే. నెలకు 26 చొప్పున 52 తక్కువ పడుతుంది. అది ఈ 64లోంచి వెళ్తుంది, ఇంకా 12 మిగులుతుంది. ఆ 12ని ముట్టుకోకండి, దాని అవసరం చివర్లో వస్తుంది. మీరింత కంగారుపడుతున్న సెలవు కాలం మొత్తం ఒక్క అదనపు చెల్లింపు ఆపడంతో గట్టెక్కుతోంది, బ్యాంకులో ఉన్నదాని జోలికి పోకుండానే.

మీ సెలవు నిబంధన అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడికకు దగ్గరగా ఉంది. కనీసం 14 వారాలు, జీతంలో మూడింట రెండొంతులకు తగ్గకుండా అన్నది దాని ప్రమాణం. చట్టాలు దేశానికోలా ఉంటాయి, ఆఫీసుకో పద్ధతి ఉంటుంది. మీకు ఇస్తామన్నది నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

బ్యాంకులోని మూడు నెలల నిల్వ ఆసుపత్రి కోసం. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. ఉంటే కాన్పుకు వర్తిస్తుందా, ఎంతవరకు ఇస్తారు, పుట్టిన బిడ్డను ఎన్ని రోజుల్లోగా పాలసీలో చేర్చాలి అన్నవి ఇప్పుడే అడిగి రాసుకోండి. మొదటి కాన్పు ఎలా జరిగినా ఈసారి సిజేరియన్ ఖర్చుకే సిద్ధంగా ఉండండి. ప్రపంచవ్యాప్తంగా ఐదు కాన్పుల్లో ఒకటి ఆపరేషనే. అలాగే పదిమందిలో ఒక బిడ్డ 37 వారాలకు ముందే పుడుతుంది. అందుకని కాగితాల పని, బిల్లులకు ఆటోపే పెట్టడం, మీవారికి అన్ని ఖాతాల వివరాలూ తెలియడం 32వ వారానికల్లా అయిపోవాలి. టర్మ్ బీమా, అంటే పాలసీ ఉన్నవారు పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా, ఇద్దరికీ ఉండాలి. కాన్పు దగ్గర పడితే కొన్ని కంపెనీలు దరఖాస్తును వాయిదా వేస్తాయి, కాబట్టి ఈ వారమే కదలండి.

ఇల్లు మారే సంగతి. పుట్టిన బిడ్డను కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పడకపై పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా ఇస్తుంది. అంటే ఆ కొత్త గది మొదటి ఆరు నెలలూ ఖాళీగా ఉంటుంది, లేదా బట్టల కుప్పలతో నిండుతుంది. నెలాఖరుకు సున్నా మిగిలే ఇంట్లో ఇప్పుడు స్థిరఖర్చు పెంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మీవారికి చెప్పండి, పాప బడి మొదలయ్యాక ఈ ముచ్చట మళ్లీ ఎత్తమనండి.

పాపను మీ సెలవులో డే కేర్ మాన్పిస్తే ఐదున్నర నెలలకు 77 మిగులుతుంది. ఈ అంకె చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ రెండేళ్ల పాపతో, పాలు తాగే బిడ్డతో రోజంతా ఒక్కరే ఉండటమంటే ఆ సెలవుకు సెలవన్న పేరు దక్కదు. అక్కడ సీటు పోతే మీరు తిరిగి చేరేటప్పుడు దొరుకుతుందన్న భరోసా లేదు. తమ్ముడో చెల్లో రాగానే తనను ఇంట్లో కూర్చోబెట్టి, కొన్ని నెలలకు మళ్లీ పంపిస్తే పాపకూ కష్టమే. సగం రోజుకు మార్చి ఫీజు తగ్గిస్తారేమో అడగండి. దొరికినంత లాభం.

బిడ్డ వచ్చేలోగా పాపకు డైపర్ మాన్పించేస్తే ఒకరి ఖర్చు తగ్గుతుందని చాలామంది ఆశపడతారు. మాన్పించినా ఇంట్లోకి కొత్త బిడ్డ రాగానే పెద్దపిల్లలు మళ్లీ మొదటికి రావడం మామూలే. రెండు సైజులకూ డబ్బు పెట్టుకోండి. అయితే చిన్న సైజువి ముందే గుట్టలుగా కొనకండి, బిడ్డ వాటిని దాటేస్తుంది. బట్టలు, ఉయ్యాల, తోపుడు బండి పాపవే చాలు. కారులో పిల్లలను కూర్చోబెట్టే సీటు మాత్రం గడువు తేదీ చూసి, ప్రమాదంలో దెబ్బతినలేదని తెలిస్తేనే వాడండి.

పొదుపు ఇంతగా చెప్పిన నోటితోనే ఒక ఖర్చు పెంచమంటాను. నెలకు రెండో మూడో అలసట కోసం విడిగా పెట్టండి. వండే ఓపిక లేని రోజు బయటి భోజనం, ఇల్లు తుడిచే సాయం, పాపను తీసుకురావడానికి టాక్సీ. దీనికి లెక్క రాయొద్దు, ఒకరినొకరు అడగొద్దు. ఇప్పుడు ఐదో నెలలోనే ఓపిక అయిపోతోందంటున్నారు, కాబట్టి ఈ నెల నుంచే మొదలుపెట్టండి. డబ్బెక్కడిది అంటారా? రాత్రి పొద్దుపోయాక నిద్రమత్తులో ఫోనులో చేసే ఆర్డర్లు ఆపితే చాలావరకు వచ్చేస్తుంది. అప్పుడు కార్ట్‌లో వేయడం వరకే, డబ్బు కట్టడం తెల్లారాకే అని నియమం పెట్టుకోండి. తెల్లారాక సగం వస్తువులు ఎందుకనుకున్నారో కూడా గుర్తుండదు.

మీవారికి సెలవులుంటే అన్నీ కాన్పు వారంలోనే వాడేయొద్దు. మీరు తిరిగి చేరాక డే కేర్‌లో ఇద్దరికీ జలుబులూ జ్వరాలూ వంతులవారీగా వస్తాయి. జ్వరమున్న పిల్లలను వాళ్లు రానివ్వరు. ఆ రోజుల్లో ఇంట్లో ఉండేది ప్రతిసారీ మీరే అయితే, జీతం కోతా మాటపడటమూ మీకే. వంతులు ముందే మాట్లాడుకోండి.

ఇక ఆ 12. మీరు చేరిన నెల అన్నిటికంటే ఇరుకుగా ఉంటుంది. డే కేర్‌కు ఇద్దరి ఫీజూ ముందే కట్టాలి, మీ జీతమేమో నెలాఖరుకు గానీ రాదు. అదనంగా పడే 16లో 12 అక్కడ సర్దుబాటవుతుంది. మిగతా నాలుగూ, మీ జీతం పడేదాకా ఇంటికి కావాల్సిందీ బ్యాంకు నిల్వలోంచి తీసుకోండి, జీతం రాగానే వీలైనంత తిరిగి వేయండి. డే కేర్‌వాళ్లు రెండో బిడ్డకు ఫీజు తగ్గిస్తారేమో, ముందస్తు డిపాజిట్ ఎంతో ఇప్పుడే కనుక్కోండి. కారు లోనుకు అదనపు చెల్లింపు మళ్లీ మొదలుపెట్టడం పాప బడికి వెళ్లాకే.