సెల్లార్‌లో తిరిగే పిల్లిని ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

మీ సెల్లార్ పార్కింగ్‌లో రోజూ కనిపించే పసుపురంగు పిల్లిని నాలుగో అంతస్తులో ఉన్న మీ ఫ్లాట్‌కి తెచ్చుకోవాలనుకుంటున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియట్లేదు, పైగా ఇంట్లో మీ వదినగారు గర్భవతి. ఇదే కదా మీ ప్రశ్న?

హైదరాబాద్‌లో మాదీ అపార్ట్‌మెంటే, మా పిల్లి సున్నుండ కూడా సెల్లార్ సరుకే. పట్టుకోవడం మీరనుకున్నంత కష్టం కాదండీ. తెచ్చాక మొదటి కొన్ని వారాలు అది పారిపోకుండా, బాల్కనీ నుంచి పడిపోకుండా కాపాడుకోవడమే అసలు పని. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

ముందు అది ఎవరిదో కనుక్కోండి. వాచ్‌మన్‌నీ, వాళ్ళావిడనీ అడిగితే సగం చరిత్ర తెలిసిపోతుంది. ఒక చెవి కొస నున్నగా కత్తిరించినట్టు ఉంటే ఎవరో సంతాన నిరోధక ఆపరేషన్ చేయించి వదిలారని అర్థం. పసుపు పిల్లుల్లో ఎక్కువ భాగం గండుపిల్లులే, కానీ ఆడదైతే మాత్రం కాస్త ఆగాలి. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి ఉంటే ఎక్కడో పాలు తాగే కూనలున్నట్టే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇవాళ జనరేటర్ వెనక ఉన్నవి రేపు లిఫ్ట్ రూములో ఉంటాయి. తల్లిని మీరు పైకి తెచ్చేస్తే అవి అక్కడే ఆకలితో పోతాయి.

ఇక పట్టుకోవడం. గోనెసంచి, దుప్పటి, వెంటపడటం, ఇవేవీ వద్దు. ఒక్కసారి భయపడితే మళ్ళీ మీ అన్నం ముట్టదు. గట్టి ప్లాస్టిక్ క్యారియర్ కొనండి, మెత్తటి గుడ్డ సంచీలాంటివి గోళ్ళకి ఆగవు. దాన్ని రోజూ అది తినే చోటే తలుపు తీసి పెట్టండి. మొదట గిన్నె బయట, మర్నాడు గుమ్మం దగ్గర, తర్వాత కొంచెం లోపలికి. మా సున్నుండ మొదట్లో వెనక కాళ్ళు బయటే ఉంచి, మెడ సాగదీసి, నెత్తళ్ళు ఒక్కొక్కటే లాక్కుని బయటికొచ్చి తినేది. తోక కూడా లోపలికి వెళ్ళి, తినడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడటం మొదలెట్టాకే నేను తలుపు వేశాను. వేసిన వెంటనే పాత తువ్వాలు కప్పేయండి. చీకటైతే గోల తగ్గుతుంది.

ఎంత సాధువుగా కనిపించినా చేతుల్లో ఎత్తుకుని మాత్రం బయల్దేరకండి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకనపెట్టుకోవడం సామెతలోనే బాగుంటుంది. ఆటో హారన్ ఒక్కటి మోగితే చాలు, మీ భుజం చీల్చుకుని రోడ్డు మీదికి దూకుతుంది.

క్యారియర్‌లో ఉండగానే నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఇంటికి తర్వాత. మన ఊళ్ళో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌లకీ కొదవలేదు. నట్టల మందు వేయించి, పిడుదులు, చెవిలో గజ్జి, చర్మం మీద తామర ఉన్నాయేమో చూపించండి. తామర మనుషులకీ అంటుకుంటుంది. ప్యాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వైరస్ జబ్బుతో కలిపి మూడు జబ్బులకి వేసే టీకా ఒకటి, రేబిస్ టీకా ఒకటి ఎప్పుడు వేయాలో ఆయనే చెప్తారు. మొదటిదానికి మూడు నాలుగు వారాల్లో బూస్టర్ ఉంటుంది, అది ఎగ్గొట్టకండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్‌వీ (ఒక పిల్లి నుంచి ఇంకోదానికి అంటుకునే వైరస్‌లు) పరీక్షలు అయ్యేదాకా రెంటినీ కలపకండి. గండుపిల్లి అయితే ఆపరేషన్ ఎంత త్వరగా చేయిస్తే అంత మంచిది, లేకపోతే సోఫాకీ కర్టెన్లకీ వాసన పట్టిస్తుంది.

ఇంటికొచ్చాక ఇల్లంతా వదలకూడదు. ఒక్క గది చాలు. తలుపు, కిటికీ గట్టిగా మూశాకే క్యారియర్ తెరవండి. గదిలో నీళ్ళు, తిండి, వాటికి దూరంగా ఓ ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక, దాక్కోవడానికి అడ్డంగా పడుకోబెట్టిన అట్టపెట్టె. సెల్లార్‌లో మీ కాళ్ళకి రాసుకున్న పిల్లే ఇక్కడ మంచం కిందికి దూరి బుస్సుమంటుంది, బెంగపడకండి. రాత్రంతా అరుస్తుంది కూడా. పిల్లి ఏడిస్తే ఇంటికి మంచిది కాదని మా అత్తగారు రెండో రాత్రే తేల్చేశారు. ఇప్పుడు ఆవిడ సీరియల్ చూసేటప్పుడు అది ఒళ్ళో లేకపోతే వెతుక్కుంటారు, అది వేరే కథ. చేయి పెట్టి బయటికి లాగొద్దు. గదిలో నేల మీద కూర్చుని ఫోన్ చూసుకోండి, వాసన పసిగట్టి అదే వస్తుంది. కానీ ఒక రోజంతా అసలేమీ తినకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. తిండి మానేసిన పిల్లికి కాలేయం త్వరగా దెబ్బతింటుంది.

బాల్కనీ గురించి గట్టిగా చెప్పాలి. పావురాలు రాకుండా కట్టించే నైలాన్ వల ఉంది కదా అని మనమందరం ధీమాగా ఉంటాం. ఆ వల పావురాన్ని ఆపుతుంది గానీ పిల్లిని కాదు. సున్నుండ కింది మూలన ఒక కన్ను కొరికి, తల పట్టేంత సందు చేసి పెట్టింది. వల కొక్కెం దగ్గర వదులైనా అంతే. పిల్లి ఎక్కడినుంచి పడ్డా కాళ్ళ మీదే నిలబడుతుందనే మాట నమ్మకండి, నాలుగో అంతస్తు నుంచి పడితే దవడ పగులుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. జీఐ వైరు (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) జాలీ కొట్టించేదాకా బాల్కనీ తలుపు తీయొద్దు. మెయిన్ డోర్‌కీ ఓ కన్నేసి ఉంచండి. పాలవాడికో, డెలివరీ అబ్బాయికో తలుపు తీసిన క్షణమే అది కాళ్ళ సందులోంచి మెట్ల మీదికి ఉరుకుతుంది.

తిండి సంగతి: ఆవుపాలు చాలా పిల్లులకి పడవు, విరేచనాలవుతాయి. పెరుగన్నంతో సరిపెడదామనుకుంటే కుదరదు, పిల్లికి మాంసం కావాల్సిందే. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప మొదట్లో పెట్టొచ్చు, మెల్లగా పిల్లుల తిండికి అలవాటు చెయ్యండి. నేల ఫినాయిల్‌తో తుడవడం ఆపేయండి. పాదాలకంటింది నాకుతుంది, అది దానికి విషం. బీరువాలో కలరా ఉండలు దానికి అందకూడదు. కుక్కల పిడుదుల మందు పిల్లికి పూయొద్దు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ వేశారో, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.

ఈ హడావుడిలో మిమ్మల్ని గీరినా కొరికినా పసుపు అద్ది ఊరుకోకండి. పావుగంట సబ్బుతో, కుళాయి నీళ్ళ కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో రేబిస్ టీకా వేస్తారు.

వదినగారి విషయం. పిల్లి ఉంటే గర్భిణికి ప్రమాదమని ఎవరో చెప్పే ఉంటారు, వాళ్ళు భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి. అది పిల్లి మలంలో వస్తుంది, కానీ బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే తొట్టి రోజూ శుభ్రం చేయాలి, ఆవిడ మాత్రం చేయకూడదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు. ఇది సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా వస్తుంది కాబట్టి వంటింట్లోనూ జాగ్రత్త. అయినా ఆవిడ డాక్టరుతో ఒకమాట మాట్లాడాకే తెచ్చుకోండి. కాన్పు అయ్యేదాకా ఆగమంటే సెల్లార్‌లోనే తిండి పెడుతూ, ఈలోగా ఆపరేషన్, టీకాలు చేయించేయండి. క్యారియర్ కూడా అలవాటైపోతుంది.