పక్షవాతం వచ్చాక మాట బాగానే ఉన్నా స్పీచ్ థెరపిస్ట్ ఎందుకు?

మీ నాన్నగారికి పక్షవాతం వచ్చినా మాట బాగానే ఉంది, మరి స్పీచ్ థెరపిస్ట్‌ను ఎందుకు పిలిచారని అడిగారు. ఈ దశలో వాళ్లు ముందు చూసేది మాట కాదు, మింగడం.

గొంతు కండరాలు బలహీనపడితే తాగిన నీళ్లు అన్నవాహికలోకి పోకుండా శ్వాసనాళంలోకి జారొచ్చు. కొందరికి దగ్గు కూడా రాదు, కాబట్టి ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు. అది న్యుమోనియాకు దారితీయొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. థెరపిస్ట్ చెంచాతో కాసిని నీళ్లు పట్టించి, గొంతు మీద వేళ్లు ఆనించి గుటక పడుతోందో లేదో చూస్తారు. తర్వాత "ఆ..." అనమంటారు. గొంతులో నీళ్లున్నట్టు గరగరలాడితే అనుమానించాల్సిందే. అవసరమైతే ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయిస్తారు. నీళ్లను చిక్కగా చేసి ఇవ్వాలా, గడ్డం వంచి మింగించాలా అనేది దాన్నిబట్టి చెబుతారు. దయచేసి వాళ్లు సరేననేదాకా ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు కూడా పట్టించకండి.

మాట పోయినవాళ్లకు వేరే సాధన ఉంటుంది. మెదడు ఎడమవైపు దెబ్బతింటే చాలామందికి అఫేసియా, అంటే మాటలు దొరక్కపోవడం, ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోవడం లాంటి ఇబ్బంది, వస్తుంది. గ్లాసు చూపిస్తే పేరు చెప్పలేని మనిషి, తెలిసిన భజన అందుకుంటే పదాలతో సహా పాడొచ్చు. ఇలాంటివాళ్లకు తెలివి పోయిందనుకుని చుట్టూ ఉన్నవాళ్లు వాళ్ల ముందే వాళ్ల గురించి మాట్లాడేస్తుంటారు, అది చాలా బాధ పెడుతుంది.

డిశ్చార్జ్ అయ్యాక కూడా థెరపీ కావాలంటే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయినవాళ్లనే చూసుకోండి.